సంఘానికి మిక్సరు కొనేముందు



ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకటి గోదావరి ఒడ్డున ఉన్న ఒక పల్లె సంఘము నుండి వచ్చింది. సంఘ కార్యదర్శి గారు ఇలా వ్రాశారు: “మా స్త్రీల మైత్రి వారు రెండేళ్ళుగా పిడికెడు బియ్యము కూడబెట్టి అమ్మిన డబ్బు కొంత, కోత పండుగ కానుక కొంత కలిపి మిక్సరు కొనాలని తీర్మానించాము. మాకు అయ్యగారి మైకు ఒకటి, పాడేవారికి రెండు, డోలకుకు ఒకటి, ఒక కీబోర్డు ఉన్నవి. పాత యాంప్లిఫయరు, రెండు స్పీకరు పెట్టెలు ఉన్నవి. యౌవనస్థులు 16 చానెళ్ళది కావాలంటున్నారు. పెద్దలు అసలు ఎందుకంటున్నారు. ఏమి చేయమంటారు?”

ఈ ఉత్తరము చదువుతుంటే మాకొక అవ్వ గుర్తుకు వచ్చింది. కొన్నేళ్ళ క్రితము పాత ఆదిలాబాద్ జిల్లాలో ఒక సంఘపు కోత పండుగకు వెళ్ళాము. ఆ సంఘమువారు అప్పు చేసి పెద్ద మిక్సరు కొన్నారు. ఎర్రవి, పచ్చవి దీపాలు వెలుగుతుంటే పిల్లలంతా దాని చుట్టే చేరారు. పాటలు మారుమ్రోగాయి. ఆరాధన ముగిసిన తరువాత చివరి వరుసలో కూర్చున్న ఒక అవ్వను పలుకరించాము. ఆమె అన్నది: “పాటలు మంచిగున్నయి బిడ్డా. అయ్యగారు ఏం జెప్పిండో మాత్రం నాకు తెల్వలే. అంత గుడగుడ ఇనొచ్చింది.”

ఆమె చెవులలో లోపమేమీ లేదు. మేము పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడితే అన్నీ విన్నది. ఇంకా తీరని అప్పుతో కొన్న సామాను ఉన్నా, ఆ రోజు వాక్యము ఆమెకు అందలేదు. అందుకే మేము ముందే ఒక మాట చెప్పదలిచాము. మిక్సరుకు ఎన్ని నాబులు ఉన్నవన్నది కొలత కాదు. చివరి వరుసలోని అవ్వకు వాక్యము అర్థమైనదా అన్నదే కొలత. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో పిల్లనగ్రోవిని, వీణెను, బూరను గూర్చి చెప్పినది ఇదే: నాదములో స్పష్టత లేకపోతే విన్నవారికి ఏమి ప్రయోజనము?

మైకులు లేని రోజులలోనూ సువార్త వినబడింది. 1739లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జార్జి విట్‌ఫీల్డు ఆరుబయట బోధిస్తుండగా, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆ గొంతు ఎంత దూరము వినబడుతుందో చూడాలని వెనక్కి వెనక్కి నడిచాడు. ఆ దూరాన్ని బట్టి లెక్క కట్టి, 30,000 మందికి పైగా వినగలరని వ్రాసుకున్నాడు. విట్‌ఫీల్డు గొంతు పెద్దదే, కాని మాట మాట విడివిడిగా పలుకుతాడని కూడా ఫ్రాంక్లిన్ గమనించాడు. 1978లో మన కరీంనగర్ అధ్యక్ష మండలము ఏర్పడిన కాలములో పల్లె సంఘాలలో చాలావాటికి హార్మోనియము, డోలకు, తాళాలే ఆస్తి. ఇప్పుడు కీబోర్డులు, ప్యాడులు వచ్చాయి. సామాను పెరిగినకొద్దీ మాట మునిగిపోకుండా చూసుకోవలసిన బాధ్యత కూడా పెరిగింది.

అసలు అవసరమా?

మిక్సరు అంటే ఏమిటో ముందు తెలుసుకుందాము. అనేక కాలువల నీళ్ళు ఒకే కాలువలో కలిసే చోటును తలచుకోండి. ప్రతి కాలువకు ఒక తలుపు ఉంటుంది. ఏ నీరు ఎంత రావాలో ఆ తలుపు ఎత్తి, దించి సరిచేస్తాము. మిక్సరు కూడా అంతే. ఒక్కొక్క మైకుకు, వాద్యానికి ఒక్కొక్క తలుపు. అది శబ్దాన్ని పెద్దది చేసి స్పీకరుకు పంపదు. ఆ పని యాంప్లిఫయరుది.

మన ఊళ్ళలో ఎక్కువగా కనబడే అహూజా వంటి యాంప్లిఫయర్లలో చాలావాటికి రెండు మూడు మైకులు పెట్టుకునే సాకెట్లు, వాటికి వేరువేరు వాల్యూములు ముందే ఉంటాయి. అయ్యగారి మైకు, పాడేవారి మైకు మాత్రమే ఉన్న చిన్న సంఘానికి అదే చాలు. అటువంటివారు ఆ డబ్బుతో ఒక మంచి మైకు, రెండు మంచి వైర్లు కొనుక్కోవడము మేలు. కార్యదర్శి గారి సంఘానికి మాత్రము నాలుగు మైకులు, కీబోర్డు ఉన్నాయి గనుక మిక్సరు అవసరమే. పెద్దలు ఈ సంగతిలో నిశ్చింతగా ఉండవచ్చును.

పెట్టె మీది అంకెను నమ్మవద్దు

కొట్టుకు వెళ్ళకముందే కాగితము మీద లెక్క వేయండి. మైకులు ఎన్ని? వాద్యాలు ఎన్ని? ఈ సంఘానికి మైకులు 4. కీబోర్డుకు ఎడమ, కుడి అని రెండు తీగలు వస్తాయి. ఫోనులో పాట వేయాలంటే దానికీ ఎడమ, కుడి ఉంటాయి. మొత్తము 8 దారులు.

పెట్టె మీద “8”, “12” అని ఉంటే అన్ని మైకులు పెట్టవచ్చుననుకుని చాలామంది మోసపోతారు. ఆ అంకెలో ఎడమ కుడి దారులు కూడా లెక్కించబడతాయి. ఉదాహరణకు బెహరింగర్ జెనిక్స్ 802లో మైకులకు సరిపడే సాకెట్లు 2 మాత్రమే. అదే వరుసలోని 1202లో 4. యమహా ఎం.జి.10లో 4, ఎం.జి.12లో 6. కాబట్టి కొట్టులో “ఎన్ని చానెళ్ళు?” అని కాక, “మూడు పిన్నుల మైకు సాకెట్లు ఎన్ని?” అని అడగండి. ఉన్న మైకులకంటే ఒకటి రెండు ఎక్కువ ఉంటే చాలు. క్రిస్మస్ నాటకానికి అద్దె మైకులు కావలసి వస్తే అప్పటికి తెచ్చుకోవచ్చును. ఏడాదికి ఒక రాత్రి కోసము ఏడాదంతా మోసే బరువు కొనరాదు.

చూడవలసిన గుణములు

ప్రతి మైకు చానెలుకు గెయిన్ నాబు విడిగా ఉండాలి. మైకు నుండి వచ్చే కరెంటు చాలా బలహీనము, కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. దానిని మొదట తగిన స్థాయికి తెచ్చేది గెయిన్. తరువాత బేసు, మధ్యస్వరము, ట్రెబులు అని మూడు నాబులు ఉండాలి. లో-కట్ అనే బటను ఉంటే ఇంకా మంచిది. అది 80 లేక 100 హెర్ట్‌జుల క్రింది గుడగుడను, ఫ్యాను గాలిని, బల్ల తట్టిన చప్పుడును తీసివేస్తుంది. బోధకుని మైకుకు దానిని నొక్కి ఉంచండి. మాట తేటపడుతుంది.

పాడేవారి ముందు వారికి వినబడే చిన్న స్పీకరు పెట్టదలిస్తే ఆక్స్ అనే దారి ఒకటి కావాలి. 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు బటను కండెన్సర్ మైకులకు మాత్రమే కావాలి. చేతిలో పట్టుకుని పాడే మామూలు డైనమిక్ మైకులకు అవసరము లేదు. యు.ఎస్.బి., బ్లూటూత్ ఉంటే ప్రసంగాన్ని రికార్డు చేయడానికి, పాట వేయడానికి పనికివస్తాయి. అవి లేవని మంచి మిక్సరును వదలవద్దు.

ఎకో గూర్చి ఒక మాట. మన ప్రాంతములో ఎకో లేనిదే మైకు మైకులా అనిపించదు. పాటకు కొద్దిగా వేస్తే ఇంపుగానే ఉంటుంది. ప్రసంగానికి వేస్తే మాత్రము ఒక్క మాట మూడు మాటలై, ముందరి మాట వెనుకటి మాటను తొక్కుతుంది. పైన చెప్పిన అవ్వకు వాక్యము అందకపోవడానికి మొదటి కారణము అదే. అయ్యగారు ప్రసంగము మొదలుపెట్టగానే ఎకో పూర్తిగా మూయవలెనని సంఘ తీర్మానముగా వ్రాసుకున్నా తప్పు లేదు.

టచ్ తెరతో పనిచేసే డిజిటల్ మిక్సర్లు ఇప్పుడు పట్టణపు సంఘాలలో కనబడుతున్నాయి. అవి మంచివే. అయితే పల్లె సంఘానికి నాబులు కంటికి కనబడే మామూలు మిక్సరు మేలని మా అభిప్రాయము. ఒకరు రాకపోతే ఇంకొకరు చూసి నడపగలరు. యాంప్లిఫయరుతో కలిసి ఒకే పెట్టెగా వచ్చే మిక్సర్లూ ఉన్నాయి. మోసుకెళ్ళడానికి సులువు. కాని ఒకటి చెడితే రెండూ లేనట్లే. మీకు పాత యాంప్లిఫయరు బాగానే ఉన్నది గనుక విడి మిక్సరు చాలును.

కొట్టులో చేయవలసినవి

కరీంనగర్‌లోనో, మంచిర్యాలలోనో, హైదరాబాదు కోఠిలోనో కొన్నా, రెండు మూడు కొట్లలో ధర వ్రాయించుకుని పోల్చండి. ధరలు నెలనెలకూ మారుతాయి గనుక మేము అంకెలు వేయడము లేదు. మీ మైకును, మీ కీబోర్డును వెంట తీసుకువెళ్ళండి. ప్రతి సాకెట్టులో పెట్టి చూడండి. ప్రతి నాబును మెల్లగా త్రిప్పండి, గరగర రాకూడదు. మైకు తీసివేసి వాల్యూము పెంచి చూడండి, బుస్సుమనే శబ్దము మరీ ఎక్కువగా ఉండకూడదు. బిల్లు సంఘము పేరిట తీసుకోండి. వారంటీ ఎన్ని నెలలు, బాగుచేసేది ఎక్కడ అని బిల్లు మీదనే వ్రాయించుకోండి. చిన్న మిక్సర్లలో చాలావాటికి ప్రత్యేకమైన అడాప్టరు ఉంటుంది. అది పోతే మిక్సరు పనిచేయదు. అది విడిగా దొరుకుతుందో లేదో అప్పుడే అడగండి.

ఉన్న డబ్బంతా మిక్సరుకే పెట్టవద్దు. వైర్లకు, స్టాండ్లకు, మంచి ప్లగ్గు బోర్డుకు కొంత విడిగా ఉంచండి. చాలాచోట్ల ఆగిపోయేది మిక్సరు కాదు, తెగిన వైరు. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవలెనని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో నేర్పిన సంగతి మైకు సామానుకూ వర్తిస్తుంది. పిడికెడు బియ్యము అంటే ఒక తల్లి వండబోయే ఎసట్లో నుండి తీసి ఉంచిన బియ్యము. ఆ డబ్బుకు అప్పు జోడించి పెద్దది కొనడము మాకు న్యాయముగా తోచదు.

ఇంటికి తెచ్చాక

మైకు వైర్లను మూడు పిన్నుల సాకెట్లలో పెట్టండి. కీబోర్డును మైకు సాకెట్టులో కాక లైను అని వ్రాసిన సాకెట్టులో పెట్టండి. మిక్సరు నుండి యాంప్లిఫయరుకు పోయే వైరును యాంప్లిఫయరు మైకు సాకెట్టులో పెట్టడము మేము ఎక్కువగా చూసిన పొరపాటు. మిక్సరు నుండి వచ్చేది బలమైన కరెంటు, మైకు సాకెట్టు దానిని తట్టుకోలేక బరబరమంటుంది. ఆక్స్ లేక లైను అని ఉన్నచోటనే పెట్టాలి.

స్విచ్చి వేసేటప్పుడు మిక్సరు మొదట, యాంప్లిఫయరు చివర. ఆపేటప్పుడు యాంప్లిఫయరు మొదట, మిక్సరు చివర. ఈ వరుస తప్పితే స్పీకరులో “ధబ్” మని వచ్చే దెబ్బకు దాని పొర చిరుగవచ్చును.

గెయిన్ సరిచేయడానికి, అయ్యగారిని ప్రసంగములో మాట్లాడే గొంతుతోనే మాట్లాడమనండి. ఎర్ర దీపము వెలిగేవరకు గెయిన్ పెంచి, తరువాత అది వెలగని చోటికి కొద్దిగా తగ్గించండి. ఆ గుర్తును పెన్సిలుతో వేసి పెట్టుకోండి.

మైకు కూయడము అందరికీ తెలిసిన బాధ. స్పీకరు శబ్దము మళ్ళీ మైకులో పడి, మళ్ళీ స్పీకరులో రావడమే దాని మూలము. దీనికి ఖరీదైన యంత్రము అక్కర లేదు. స్పీకర్లు మైకుకు ముందు, జనము వైపు ఉండాలి. బోధకుని వెనుక ఉండకూడదు. మైకు నోటికి నాలుగు వ్రేళ్ళ దూరములో ఉండాలి. దూరము సగానికి తగ్గిస్తే మైకులో పడే మాట 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. వాడని మైకులు మూసివేయాలి. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూత రాకుండా పెంచగల వాల్యూము 3 డెసిబెళ్ళు తగ్గుతుంది. అవ్వ ఉన్న గుడిలో ప్రసంగము జరుగుతుండగా ఏడు మైకులు తెరిచి ఉన్నాయి, స్పీకర్లు వేదిక వెనుక ఉన్నాయి. కూత వస్తుందని భయపడి బోధకుని మైకును తగ్గించారు. మాట సన్నబడింది. చిన్న మిక్సరే ఉన్నా, ఈ మూడు సరిచేస్తే ఆమెకు వినబడి ఉండేది.

ప్రాణానికి సంబంధించిన మాట

ఇది అన్నిటికంటె ముఖ్యము. “గుయ్”మనే హమ్మింగు పోతుందని కొందరు మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్నును విరిచివేస్తారు. ఎన్నడూ అలా చేయవద్దు. ఆ పిన్ను లేనప్పుడు సామానులో లోపము వస్తే, మైకు పట్టుకున్నవారి ఒంటిలో నుండి కరెంటు పోతుంది. తడి కాళ్ళతో, వట్టి కాళ్ళతో నిలబడి పాడే మనవారికి ఇది మరీ ప్రమాదము. హమ్మింగు పోవాలంటే మిక్సరు, యాంప్లిఫయరు, కీబోర్డు అన్నిటికీ ఒకే బోర్డు నుండి కరెంటు తీసుకోండి. మైకు వైర్లను కరెంటు వైర్లకు దూరముగా పరవండి. గుడికి మంచి ఎర్తు వేయించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఎర్తు లీకేజి స్విచ్చి పెట్టించండి. ఎకోకు పెట్టే డబ్బు దీనికి పెట్టితే ఒక బిడ్డ ప్రాణము నిలువవచ్చును.

మన ప్రాంతపు దుమ్ము కూడా శత్రువే. గోదావరిఖని, బెల్లంపల్లి, మందమర్రి వైపు బొగ్గు దుమ్ము, మిగతా చోట్ల ఎర్రమట్టి నాబులలో చేరి గరగర పుట్టిస్తుంది. ఆరాధన ముగియగానే మిక్సరు మీద గుడ్డ కప్పండి. ప్లాస్టికు కవరు కన్నా మందపు నూలు గుడ్డ మేలు. ఎండాకాలములో రేకుల కప్పు క్రింద మూసి ఉన్న గదిలో దానిని వదలవద్దు.

పొరుగువాని చెవి

మన గుడి ప్రక్కన కూడా ఇళ్ళున్నాయి. చెన్నైలో ఒక సంఘపు ఆరాధన శబ్దముపై పొరుగువారు న్యాయస్థానానికి వెళ్ళగా, 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు ఇతరుల ప్రశాంతతను భంగపరచి ప్రార్థించవలెనని ఏ మతమూ చెప్పదని తీర్పు ఇచ్చింది. అదే ఏట వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారము లౌడ్ స్పీకరుకు వ్రాతపూర్వకమైన అనుమతి కావాలి. రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు బయట వాడరాదు. ఇళ్ళున్న చోట పగటి పరిమితి 55 డెసిబెళ్ళు, రాత్రి 45. ఇది ఒక్క క్రైస్తవులకే కాదు, అందరికీ వర్తించే చట్టము. అయితే మనకు చట్టము కంటె ముందే పొరుగువానిని ప్రేమించమన్న ఆజ్ఞ ఉన్నది. పక్కింట్లో పరీక్షకు చదివే పిల్లవాడో, జ్వరముతో పడుకున్న ముసలివాడో ఉంటాడు. మిక్సరు మన చేతికి ఇచ్చే శక్తిలో తగ్గించే శక్తి కూడా ఉన్నదని మరువవద్దు.

ఎవరు నడుపుతారు?

ఒక్కరి చేతిలోనే పెట్టవద్దు. ఇద్దరు ముగ్గురికి నేర్పండి. ఆడపిల్లలకూ నేర్పండి. నడిపేవారు వేదిక ప్రక్కన కాక జనము మధ్యన, వీలైతే వెనుక వైపు కూర్చోవాలి. జనానికి వినబడేదే వారికీ వినబడాలి. ఎజ్రా జనులకు ధర్మశాస్త్రము చదివినప్పుడు, లేవీయులు వారికి అర్థమయ్యేటట్లు వివరించారని నెహెమ్యా 8వ అధ్యాయములో చూస్తాము. మిక్సరు దగ్గర కూర్చున్న యౌవనస్థుడు కూడా ఒక విధముగా ఆ సేవలోనే ఉన్నాడు. అతడు పాటకు మాత్రమే మేలుకుని, ప్రసంగానికి ఫోను చూసుకునేవాడైతే ఎంత పెద్ద మిక్సరు ఉన్నా వ్యర్థము.

కార్యదర్శి గారికి మా జవాబు ఇది. 16 చానెళ్ళది వద్దు. నాలుగు నుండి ఆరు మైకు సాకెట్లు, కీబోర్డుకు, ఫోనుకు ఎడమ కుడి దారులు ఉన్న మామూలు మిక్సరు ఒకటి అప్పు లేకుండా కొనండి. మిగిలిన డబ్బుతో ఎర్తు వేయించి, మంచి వైర్లు కొనండి. యౌవనస్థులను కోప్పడవద్దు. వారి ఆశ చెడ్డది కాదు. లెక్క కాగితము వారి చేతికే ఇచ్చి, కొట్టుకు పెద్దలతోబాటు వారినే పంపండి. కొన్న తరువాత ఆదివారము ఎవరైనా ఒకరు చివరి వరుసలో కూర్చున్న అవ్వ దగ్గరకు వెళ్ళి, “అవ్వా, ఇయ్యాల అయ్యగారు ఏం జెప్పిండు?” అని అడగండి. ఆమె ఆ వాక్యాన్ని తన మాటల్లో తిరిగి చెప్పగలిగితే, పిడికెడు బియ్యము పెట్టిన తల్లుల కానుక చేరవలసిన చోటికి చేరినదని తెలుసుకోండి.

తన వాక్యము ప్రతి చెవికి, ప్రతి హృదయానికి అందునట్లు ప్రభువు మన సంఘములకు జ్ఞానము దయచేయును గాక. ఆమేన్.